డ్రాప్‌డౌన్ పెట్టె గారికి, లేని ఇంటి నుంచి

మహారాజశ్రీ అడ్రస్ డ్రాప్‌డౌన్ పెట్టె గారి దివ్యసముఖమునకు 11వ నంబరు ఇంటివాడు రాసుకునే విన్నపం. ఉభయకుశలోపరి అందామంటే ఇక్కడ వైఫై లేదు, కుశలం మీకొక్కరికే.

బ్రాడ్‌బ్యాండ్ కోసం పోస్ట్‌కోడ్ కొట్టగానే మా వీధంతా పరిచారు. 9, 10, 12, 14. ఇంగ్లండులో 13 అంటే భయం, తీసేశారనుకుందాం. 11 ఏం పాపం చేసింది?

"దగ్గర్లో ఉన్న నంబరు పెట్టండి, టెక్నీషియన్‌కి నోట్ రాస్తా" అన్నాడు చాట్‌లో కుర్రాడు. 12 పెట్టాను. నిన్న హాఫ్‌డే లీవు పెట్టి కిటికీ దగ్గర కూర్చుంటే వ్యాన్ వచ్చింది, 12 ముందు ఆగింది, పెద్దావిడ తలుపు తీసి ఏదో చెప్పి తల అడ్డంగా ఊపింది, నేను చెప్పులేసుకుని పరిగెత్తేలోపు వ్యాన్ మలుపు తిరిగిపోయింది. ఫోన్‌లో మెసేజ్: కస్టమర్ ఇంట్లో లేరు. ఇంట్లోనే ఉన్నానండీ, మీ లెక్కలో ఇల్లే లేదు!

ఇరవై నిమిషాలు హోల్డ్ సంగీతం విన్నాక తేలిందేమిటంటే, వాళ్ళు డబ్బు కట్టి తెచ్చుకున్న చిరునామాల లిస్టు పాతదట. కౌన్సిల్ (ఇక్కడి మున్సిపాలిటీ లెండి) ట్యాక్స్ బిల్లు మాత్రం సామాన్లు విప్పకముందే గుమ్మంలో పడింది. 11 అని బొద్దుగా. పేరూ ఇంటిపేరూ తారుమారు కూడా కాలేదు.

అసలు ఆ నంబరు పెట్టిందే కౌన్సిల్, మా పన్నులతో. దానికి పోస్ట్‌కోడ్ తగిలించి, ఇక్కడి తపాలా కంపెనీ రాయల్ మెయిల్ తన పోస్ట్‌కోడ్ అడ్రస్ ఫైల్‌లో చేర్చుకుంటుంది. 3 కోట్లకు పైగా చిరునామాలున్న ఆ ఫైల్‌ని, 2013లో రాయల్ మెయిల్‌ని ప్రైవేటుకి అమ్మినప్పుడు దాంతోపాటే కట్టబెట్టేశారు, పాడిగేదెను అమ్ముతూ ఊరి చెరువు కూడా రాసిచ్చినట్టు. అది తప్పని మరుసటి ఏడే పార్లమెంటు కమిటీ చెప్పింది. చెప్పి ఊరుకుంది. 2025లో కంపెనీ ఒక చెక్ శతకోటీశ్వరుడి చేతికి పోయింది, మా వీధి గుమ్మాల జాబితాతో సహా.

పోస్ట్‌కోడ్‌లు ఎక్కడున్నాయో 2010 నుంచి ఉచితమే కదా అంటారు. మ్యాప్ మీద కోడ్‌కో చుక్క ఇచ్చారు, సంతోషం. ఆ చుక్క చుట్టూ ఉన్న ఇళ్ళ జాబితా కావాలంటే మాత్రం లైసెన్సు, డబ్బు. విస్తరి ఉచితం, వడ్డనకి వేరే. డెన్మార్క్ వాళ్ళు 2002లోనే మొత్తం ఊరికే ఇచ్చేయాలని తేల్చేసుకున్నారు, ఫ్రాన్స్ 2015లో జాతీయ చిరునామాల బ్యాంకు తెరిచింది. వాళ్ళ ఇళ్ళేమీ ఎవరూ ఎత్తుకుపోలేదు. అయినా ఈ లిస్టులో నివాసుల పేర్లుండవు, ఉత్త ఇళ్ళే. ఇందులో దాచుకోడానికేముందయ్యా?

సరే, నువ్వైనా మనిషిని రాసుకోనిస్తావా అంటే, ఆ "మాన్యువల్‌గా రాయండి" అన్న లింకుని చీమ తలంత అక్షరాల్లో అట్టడుగున దాస్తావు. కళ్ళు చికిలించి దాన్ని నొక్కితే మళ్ళీ పోస్ట్‌కోడ్ అడుగుతావు. కొడితే మళ్ళీ అదే 9, 10, 12, 14. సిగ్గుండక్కర్లా?

సాయంత్రం 12లో పెద్దావిడ వచ్చి, మధ్యాహ్నం ఎవరినో తప్పుగా పంపేశానని నొచ్చుకుని, తన వైఫై పాస్‌వర్డ్ చీటీ మీద రాసిచ్చి వెళ్ళింది. ఈ ఉత్తరం దాంతోనే పంపుతున్నా. జవాబు రాయాలనిపిస్తే 12కే పంపు, ఆవిడ ఇస్తుంది.

ఇట్లు,
10కీ 12కీ మధ్య ఖాళీ