మరింబాను వయొలిన్‌లా ఏడిపించకండి

మరింబా అంటే వరసగా పేర్చిన చెక్క పలకలను కర్రలతో కొట్టి వాయించే వాద్యం. కానీ చాలామందికి తెలిసింది పాత ఐఫోన్ రింగ్‌టోనే. వాళ్ల తప్పేం లేదు, ఆ రింగ్‌టోన్ పేరే మరింబా. నా కోపం వాళ్ల మీద కాదు. నలుగురు మంచి వాద్యకారులు నాలుగు మరింబాలు ముందు పెట్టుకుని, గంటసేపు వాటితో వయొలిన్ వేషం వేయించే కచేరీల మీద.

మొన్న అలాంటిదే ఒకటి విన్నాను. బాక్ రచన ఒకటి, ఆ తర్వాత ఇంకో బాక్, ఆ తర్వాత ఏదో స్ట్రింగ్ క్వార్టెట్‌లోని (నాలుగు తీగ వాద్యాల రచనలోని) నెమ్మది భాగం. స్వరం నిలబడాలి కదా, అందుకని నలుగురూ ఆపకుండా రోల్ వాయించారు. అంటే మ్యాలెట్లతో, అదే ఆ వాయించే కర్రలతో, గబగబా కొడుతూ శబ్దం సాగుతున్నట్టు భ్రమ కలిగించడం. కాసేపైతే అందమే, కాదనను. పది నిమిషాలు వింటే పాత ఫ్యాన్ కింద కూర్చున్నట్టు ఉంటుంది. పులిని చూసి నక్క వాత పెట్టుకోవడం అంటే ఇదే.

చెక్క పలక కొట్టగానే మోగుతుంది, ఆ వెంటనే తగ్గిపోతుంది. కింది స్వరాలు కాస్త నిలుస్తాయి, పైవి చటుక్కున ఆరిపోతాయి. ప్రతి పలక కింద ఒక గొట్టం. దాని పొడవు ఆ స్వరపు తరంగంలో దాదాపు నాలుగో వంతు. ఐదు ఆక్టేవుల (స్థాయిల) మరింబాలో అట్టడుగు స్వరానికి సుమారు 1.3 మీటర్ల గొట్టం కావాలి, అందుకే దాన్ని వంచి అమరుస్తారు. పలక అడుగున చెక్కను విల్లులా తొలిచి, మొదటి ఉపస్వరం (అసలు స్వరంతో పాటు సన్నగా మోగేది) అసలు స్వరానికి రెండు ఆక్టేవుల పైన పడేలా శ్రుతి చేస్తారు. ఇంత తంటా ఆ ఒక్క దెబ్బ నిండుగా మోగడానికే. దాన్ని దాచేస్తే ఎలా?

కలిసి వాయించడంలో అసలు కష్టం కూడా ఆ దెబ్బలోనే ఉంది. వయొలిన్ కమాను మెల్లగా జారుతూ వచ్చి పక్కవాళ్లతో కలిసిపోగలదు. మ్యాలెట్‌కు ఆ వీలు లేదు. రెండు దెబ్బలు వెంట్రుకవాసి తేడాతో పడినా నాలాంటి మామూలు శ్రోతకు కూడా దొరికిపోతుంది.

అమెరికన్ స్వరకర్త స్టీవ్ రైక్ ఈ టెన్షన్‌నే సంగీతం చేసుకున్నాడు. 1973లో ఆరు పియానోలకు రాసిన రచనను 1986లో ఆరు మరింబాలకు మార్చాడు. ఒకరు ఒక చిన్న వరసను తిప్పుతూ ఉంటారు. ఇంకొకరు మౌనాల స్థానంలో ఒక్కో స్వరం నింపుకుంటూ అదే వరసను కొన్ని బీట్లు పక్కకు జరిపి కడతారు. రెండూ కలిసేసరికి ఎవరూ విడిగా వాయించని కొత్త రాగమొకటి గాల్లో వినిపిస్తుంది. అప్పుడు మూడోవాళ్లు దాన్ని పట్టుకుని పైకి తెస్తారు. అదీ మార్పు చేసిన రచనే కదా అంటారా? అవును, కానీ పియానో కూడా దెబ్బతో మోగేదే. మార్పుల మీద నాకు పగ లేదు, వేషాల మీదే.

అలాగని అంతా పరుగే ఉండాలనీ కాదు. జపాన్ స్వరకర్త తకెమిత్సు 1981లో రాసిన 'రెయిన్ ట్రీ'లో రెండు మరింబాలు, ఒక వైబ్రాఫోన్ (లోహపు పలకల వాద్యం). అందులో స్వరం ఆరిపోతుంటే ఆ ఆరిపోవడాన్నే వింటాం.

నిజానికి ఇదేమీ కొత్త విషయం కాదు. మొజాంబిక్‌లో చోపీ ప్రజలు సొరబుర్రలు కట్టిన టింబిలాలతో (మరింబాలాంటి చెక్క పలకల వాద్యాలతో) పెద్ద బృందాలుగా, చాలా భాగాలున్న రచనలు వాయిస్తారు. యునెస్కో 2005లో గుర్తించిన కళ అది. గ్వాటెమాలాలోనైతే ఒకే పెద్ద మరింబా దగ్గర నలుగురు భుజం భుజం రాసుకుంటూ నిలబడతారు, పక్కన చిన్నదాని దగ్గర ముగ్గురు. ప్రతి స్వరంతో పాటు ఒక జుమ్మనే శబ్దం వస్తుంది, పలకల కింద వేలాడే పెట్టెలకు అతికించిన పలుచని పొర వల్ల. మరి వేషాల జబ్బు ఎక్కడిదంటారా? 1935లో అమెరికన్ మరింబా వాద్యకారుడు క్లెయిర్ ఒమర్ మసర్ వంద మరింబాల ఆర్కెస్ట్రాను న్యూయార్క్‌లోని కార్నెగీ హాల్‌కు తీసుకెళ్లాడు. ఆ బృందం కూడా సింఫనీల మార్పులు వాయించింది. వంద మరింబాలు పెట్టుకుని!

ఆ మొన్నటి కచేరీలో చివర, చప్పట్లు ఆగకపోతే, ఇద్దరు ముందుకొచ్చి రైక్ 1994లో రాసిన 'నగోయా మరింబాస్' వాయించారు. ఐదు నిమిషాలు కూడా ఉండదేమో. ఒకరి దెబ్బల సందుల్లో ఇంకొకరి దెబ్బలు, ఒక్కటీ తప్పలేదు. ఇంత బాగా వాయించగలిగినవాళ్లు ముందు గంటంతా ఏం చేస్తున్నట్టు?