పేరిస్తే సరిపోదు

రక్త క్యాన్సర్ రోగికి మరొకరి మూలకణాలు, అంటే రక్తాన్ని పుట్టించే కణాలు, ఎక్కించే ముందు వైద్యులు అతని ఎముకల్లోని సొంత మజ్జను తుడిచిపెడతారు. కొన్ని రోజుల పాటు తీవ్రమైన కీమో మందులు, అవసరమైతే రేడియేషన్ ఇస్తారు. ఆ తరువాత అతని శరీరం తనకు కావలసిన రక్తాన్ని తాను తయారు చేసుకోలేదు. దాత కణాలు వచ్చి ఎముకల్లో కుదురుకుంటేనే కొత్త రక్తం పుడుతుంది. సరిగ్గా ఆ రోజుల్లో దాత మనసు మార్చుకుంటే రోగి ప్రాణం మీదికి వస్తుంది. ఏ క్షణంలోనైనా కాదనే హక్కు దాతకు ఉంది, ఉండి తీరాలి. కాబట్టి కాదనేవారు చాలా ముందే కాదనేలా, అవునన్నవారు చివరిదాకా నిలబడేలా దాతల నమోదు జరగాలి. మన దగ్గర అది అలా జరగడం లేదన్నదే మా బాధ.

మూలకణాలకు రక్తం గ్రూపుల లెక్క పనికిరాదు. గ్రూపు వేరైనా మార్పిడి చేయవచ్చు, ఆ తరువాత రోగి గ్రూపే మెల్లగా దాత గ్రూపుగా మారిపోతుంది. కలవవలసినవి హెచ్‌ఎల్‌ఏ అనే కణజాల గుర్తులు. తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం వస్తాయి కనుక ఒక తోబుట్టువుతో పూర్తిగా కలిసే అవకాశం 25 శాతమే. ఒకరిద్దరు పిల్లలతో సరిపెట్టుకుంటున్న నేటి ఇళ్లలో ఆ ఆశ కూడా సన్నగిల్లింది. మేనరికాలున్న కుటుంబాల్లో ఒక్కోసారి మేనత్త, మేనమామ పిల్లలతో జత కుదురుతుంది. కానీ తలసీమియా వంటి రక్త జబ్బులు పిల్లలకు సంక్రమించే ముప్పును పెంచేవీ ఆ మేనరికాలే. ఇంట్లో జత దొరకనివారికి ఎక్కడో ఉన్న అపరిచితుడే దిక్కు.

ఆ అపరిచితుణ్ని వెతికిపెట్టే తొలి రిజిస్ట్రీ 1974లో లండన్‌లో పుట్టింది. జబ్బుపడిన కొడుకు ఆంథొనీ కోసం షర్లీ నోలన్ అనే తల్లి దాన్ని మొదలుపెట్టారు. ఆ బాబుకు దాత దొరకలేదు, 1979లో కన్నుమూశాడు. రిజిస్ట్రీ మాత్రం అతని పేరుతో నేటికీ నడుస్తూ ఇతరుల పిల్లలను బతికిస్తోంది. ఇప్పుడు ప్రపంచమంతటా నమోదైన దాతలు 4 కోట్లు దాటారు. అందులో 8 కోట్ల పైచిలుకు జనాభా గల జర్మనీ వాటా కోటికి చేరువలో ఉంది. 140 కోట్ల మన వాటా కొన్ని లక్షలు. అవి కూడా చాలావరకు చెన్నైలో 2009లో మొదలైన దాత్రి, బెంగళూరు కేంద్రంగా పనిచేస్తున్న జర్మనీ సంస్థ డీకేఎంఎస్ విభాగం వంటి స్వచ్ఛంద సంస్థలు ఊరూరా తిరిగి పోగుచేసిన పేర్లే.

జర్మనీ జాబితా మనకు అక్కరకు రావడం అరుదు. కణజాల గుర్తులు వంశమూలాలను బట్టి ఉంటాయి. అమెరికా రిజిస్ట్రీ లెక్కల ప్రకారం అక్కడి తెల్లజాతి రోగికి పూర్తిగా కలిసే దాత దొరికే అవకాశం 79 శాతం, ఆసియా మూలాలవారికి 47 శాతం. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ ఈ లోటు తప్పదు. వారి బిడ్డకు సరిపడే మనిషి గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉండవచ్చు, పేరు మాత్రం ఏ జాబితాలోనూ ఉండదు. తరతరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకుంటున్న దక్షిణాసియా సముదాయాల జన్యువులు ఎంత విడివిడిగా ఉండిపోయాయో హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు హార్వర్డ్ పరిశోధకులతో కలిసి 2017లో వెల్లడించారు. శిబిరాలన్నీ నగరాల్లోని ఇంజినీరింగ్ కళాశాలల్లో, ఐటీ కార్యాలయాల్లో జరిగితే అక్కడికి చేరని సముదాయాల రోగులకు జత ఎక్కడ దొరుకుతుంది? సికిల్ సెల్ జబ్బుతో నలిగిపోతున్న ఏజెన్సీ గ్రామాల పిల్లల కోసం ఎవరు వెతుకుతారు?

పేర్లు తక్కువ కావడం ఒక ఎత్తయితే, ఉన్న పేర్లు నిలబడకపోవడం మరో ఎత్తు. శిబిరంలో కణజాల గుర్తుల పరీక్ష కోసం బుగ్గ లోపల దూదిపుల్ల రుద్దించుకుని, ఫారం మీద సంతకం చేసి, ఫొటో దిగడానికి కొద్ది నిమిషాలు చాలు. జత కుదిరిందన్న ఫోను ఎన్నేళ్లకు వస్తుందో చెప్పలేం. అప్పటికి ఆ విద్యార్థి ఊరు, నంబరు మారిపోయి ఉంటాయి. నంబరు దొరికి, తాను సరేనన్నా ఇల్లు ఒప్పుకోదు. ‘వెన్నులోంచి తీస్తారట, నడుము పడిపోతుందట’ అని తల్లి కన్నీళ్లు పెట్టుకుంటుంది. ఆడపిల్ల అయితే రేపు సంబంధాలు రావేమో, పిల్లలు పుట్టరేమో అన్న బెంగ తోడవుతుంది.

ఈ భయాలను మూఢత్వమని తీసిపారేయడం తప్పు. జవాబు చెప్పాలి. వెన్నుపాముతో ఈ దానానికి సంబంధమే లేదు. ఇప్పుడు ఎక్కువ మంది దాతలు ఇచ్చేది చేతి నరం నుంచే. నాలుగైదు రోజులు వరుసగా జీసీఎస్‌ఎఫ్ ఇంజెక్షన్లు ఇస్తే మజ్జలోని మూలకణాలు రక్తంలోకి వస్తాయి. ఆ రోజుల్లో నడుము లాగుతుంది, తలనొప్పి, జ్వరం వచ్చినట్టు ఒళ్లు నొప్పులు ఉంటాయి. ఈ సంగతి దాచకూడదు. తరువాత ఒక చేతి నుంచి రక్తం యంత్రంలోకి వెళ్లి, మూలకణాలు వేరై, మిగిలినది రెండో చేతిలోకి తిరిగి వస్తుంది. నాలుగు నుంచి ఆరు గంటల పని. చివరికి సంచిలో చేరేది టమాటా చారు రంగులో ఉండే కొద్దిపాటి ద్రవం. దాన్ని చల్లని పెట్టెలో భద్రపరిచి, విమానాశ్రయంలో ఎక్స్‌రే యంత్రంలోకి కూడా పోనివ్వకుండా, ఒక మనిషి చేత్తో పట్టుకుని 72 గంటల్లోపు రోగి దగ్గరికి చేరుస్తాడు. దాత సాధారణంగా ఆ సాయంత్రమే ఇంటికి వెళ్లిపోతాడు, ఇచ్చిన కణాలు కొన్ని వారాల్లో మళ్లీ తయారవుతాయి. కొద్దిమంది దాతలకు మాత్రం మత్తు ఇచ్చి తుంటి ఎముక నుంచి మజ్జ తీస్తారు. అక్కడ కొన్ని రోజులు నొప్పి ఉంటుంది.

సగం జత కుదిరిన తల్లిదండ్రుల నుంచే కణాలు తీసుకునే పద్ధతి ఇటీవల బాగా మెరుగుపడింది, ఎందరికో ప్రాణం పోసింది. అయితే తల్లిదండ్రుల వయసు, ఆరోగ్యం అన్నిసార్లూ సహకరించవు. పూర్తి జత దొరికే వీలుంటే వదులుకోవడానికి చాలామంది వైద్యులు ఇష్టపడరు. మరోవైపు పసిబిడ్డ బొడ్డుతాడు రక్తాన్ని దాచిపెడతామంటూ ప్రైవేటు బ్యాంకులు మధ్యతరగతి దంపతుల నుంచి వేల రూపాయలు వసూలు చేస్తున్నాయి. బిడ్డ సొంత అవసరానికి అలా దాచుకోవడానికి శాస్త్రీయ ఆధారం లేదని ఐసీఎంఆర్ ఎప్పుడో చెప్పింది. ఈ మాట ఆసుపత్రి గోడల మీద కనిపించాలి.

ప్రభుత్వాల బాధ్యత డబ్బు దగ్గర మొదలవుతుంది. కోల్ ఇండియా నిధులతో 2017 నుంచి నడుస్తున్న తలసీమియా బాల సేవా యోజన మార్పిడికి 10 లక్షల రూపాయల దాకా ఇస్తోంది. మంచి పథకమే, కానీ అది కుటుంబంలోనే జత దొరికిన పిల్లల కోసం ఉద్దేశించినది. బయటి దాతను వెతకడానికి, పరీక్షించడానికి, కణాలు సేకరించి తెప్పించడానికి అయ్యే లక్షల రూపాయలు తల్లిదండ్రుల నెత్తినే పడుతున్నాయి. రెండు తెలుగు రాష్ట్రాలూ తమ ఆరోగ్య పథకాల్లో ఈ ఖర్చును విడిగా గుర్తించాలి. దానం చేసే ఉద్యోగికి ఆ వారం వేతనంతో కూడిన సెలవు ఇవ్వాలి. రిజిస్ట్రీలు ఎన్ని పేర్లు రాసుకున్నాయో చెప్పడంతో ఆగక, పిలిచినప్పుడు ఎందరు వచ్చారో కూడా ఏటా ప్రకటించాలి.

సెప్టెంబరు మూడో శనివారం ప్రపంచ మజ్జ దాతల దినం. ఆ రోజు శిబిరాలు పెట్టే కళాశాలలకు మా విజ్ఞప్తి ఒకటుంది. విద్యార్థులకు లక్ష్యాలు పెట్టకండి. తల్లిదండ్రులనూ పిలవండి, ఇంజెక్షన్ల నొప్పితో సహా అన్నీ వారి ముందే చెప్పండి. ఇంటికి వెళ్లి మాట్లాడుకున్నాక వచ్చి సంతకం చేయమనండి. ఫారంలో ఇంట్లో మరొకరి ఫోను నంబరు కూడా రాయించండి.