ఖాళీ జాగాతోనే కట్టిపడేశారు

ప్రకటనల డిజైన్ మీద మీరు రాసిన వ్యాసంలో కళ్లు చెదిరే గ్రాఫిక్స్ ప్రకటనలే ఎక్కువ చూపించారు. బాగున్నాయి గానీ, 1959లో డీడీబీ అనే ప్రకటనల సంస్థ ఫోక్స్‌వాగన్ వాళ్ల చిన్న కారు బీటిల్‌కి చేసిన ప్రకటన కూడా ఉండాల్సింది. అప్పట్లో అమెరికాలో కార్లను ఉన్నదానికన్నా పొడుగ్గా, వెడల్పుగా రంగుల్లో గీసి చూపించేవారు. ఆర్ట్ డైరెక్టర్ హెల్ముట్ క్రోన్ పేజీలో చాలా భాగం ఖాళీగా వదిలేసి, ఎడమవైపు పైన చిన్న కారు పెట్టారు. అదీ నలుపు తెలుపుల్లో, కాస్త ఏటవాలుగా! కింద శీర్షికగా ‘థింక్ స్మాల్’ (చిన్నగా ఆలోచించండి) అని రెండే మాటలు, ఒక ఫుల్‌స్టాప్. చూపు తిన్నగా కారు మీదకే పోతుంది. డబ్బులు పోసి కొన్న పేజీని అలా వదిలేయడానికి ఒప్పుకున్న కంపెనీ వాళ్లనీ మెచ్చుకోవాలి. మన హోర్డింగుల్లో ఆఫర్, ఫోన్ నంబర్, హీరో ఫొటో, నాలుగు లోగోలు కుక్కేస్తుంటే బాధేస్తుంది. ఖాళీ జాగా వాడకం మీద విడిగా ఒక వ్యాసం రాయండి, ప్లీజ్.