అమ్మ ఇంకా ఎన్ని యాప్‌లు నేర్చుకోవాలి?

ఫేస్‌బుక్ లాంటి పాత సోషల్ నెట్‌వర్క్ ఆర్కుట్‌లో మా అమ్మకు అకౌంట్ తెరిచిపెట్టింది నేనే. స్క్రాప్‌లు, అంటే అందులో ఒకరి పేజీలో ఒకరు రాసుకునే కబుర్లు, రాయడం ఆమెకు అలవాటయ్యేసరికి మేమంతా ఫేస్‌బుక్‌కి వెళ్లిపోయాం. 2014 సెప్టెంబరు 30న ఆర్కుట్ మూతపడింది. ఫేస్‌బుక్ నేర్చుకునేసరికి ఇంటి కబుర్లన్నీ వాట్సాప్‌కి చేరాయి. అదీ ఆమెకు బాగా పట్టుబడింది. మా అమ్మాయేమో ఇన్‌స్టాగ్రామ్‌లో, స్నాప్‌చాట్‌లో ఉంటుంది. "మళ్లీ ఇంకోటి నేర్చుకోవాలా?" అని అమ్మ అడిగితే ఏం చెప్పాలో తోచలేదు.

పిల్లలు పెద్దవాళ్లతో మాట్లాడరని మనం తరచూ అంటుంటాం. నేను ఒప్పుకోను. వాళ్ల ఈడువాళ్లు ఎక్కడుంటే వాళ్లూ అక్కడే ఉంటారు. ఆ వయసులో మనమూ పెద్దలు లేని చోటే వెతుక్కున్నాం. బలవంతంగా ఫ్యామిలీ గ్రూపులో చేరిస్తే మ్యూట్ చేసి ఊరుకుంటారు. పోనీ అమ్మనే ఇన్‌స్టాగ్రామ్‌లో చేరుద్దామంటే, ముక్కూమొహం తెలియనివాళ్ల రీల్స్ మధ్య మనవరాలి ఫోటో వెతుక్కోవాలి.

ఎవరి చోట వాళ్లుంటూనే మాట్లాడుకోలేరా? ఫోన్‌కి ఈ బాధ లేదు. ఏ కంపెనీ సిమ్ నుంచి ఏ కంపెనీ నంబరుకైనా కాల్ వెళ్తుంది. జీమెయిల్ నుంచి యాహూకి మెయిల్ నిక్షేపంగా పోతుంది. మెసేజింగ్ యాప్‌లే గోడలు కట్టుకుని కూర్చున్నాయి. చేతకాక కాదు. మనవాళ్లంతా ఒక యాప్‌లో ఉంటే మనం దాన్ని వదిలిపోలేం, ఆ కంపెనీకి కావలసింది అదే.

యూరోపియన్ యూనియన్ 2022లో తెచ్చిన డిజిటల్ మార్కెట్స్ యాక్ట్ ఈ గోడ మీదే దెబ్బ వేసింది. వేరే యాప్ అడిగితే వాట్సాప్, ఫేస్‌బుక్ మెసెంజర్ దానితో మెసేజ్‌లు ఇచ్చిపుచ్చుకునే దారి తెరవాలి. ముందు ఇద్దరి మధ్య మెసేజ్‌లు, ఫోటోలు, తర్వాత గ్రూపులు, ఆ తర్వాత కాల్స్. ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్, అంటే పంపినవాళ్లు, అందుకున్నవాళ్లు తప్ప మధ్యలో ఎవరూ చదవలేని రక్షణ, మాత్రం సడలకూడదు. 2024 మార్చి నుంచి పెద్ద కంపెనీలు ఈ చట్టాన్ని పాటించాలి. కానీ ఇది యూరప్ వరకే, పైగా అవతలి యాప్ ముందుకొచ్చి అడగాలి. మా ఇంట్లో గోడ ఇంకా అలాగే ఉంది.

తలుపు తెరిస్తే మోసగాళ్లూ జొరబడతారన్న భయం నిజమైనదే. అందుకే ఎవరి మెసేజ్‌లు తీసుకోవాలో వాడేవాళ్లే తేల్చుకునేలా ఉండాలి. మా అమ్మాయి పోస్టులన్నీ నానమ్మకు కనిపించనక్కర్లేదు. తను నానమ్మకని పంపింది చేరితే చాలు.

ఈ యాప్‌లు తయారుచేసే కంపెనీల్లో మనవాళ్లు ఎందరో పనిచేస్తున్నారు. వాళ్లు తమ మీటింగుల్లో ఈ మాట ఎత్తాలి. మనం ఓటేసే దేశంలో ఇలాంటి చట్టం కావాలని మన ప్రతినిధులకు మనం రాయాలి.

ప్రస్తుతానికి ఆ గోడకు అటూ ఇటూ తిరుగుతున్నది నేను. అమ్మాయి పెట్టిన ఫోటో ఒకటి, తనని అడిగే, సేవ్ చేసి అమ్మకు పంపుతాను. అమ్మ అన్న మాట మళ్లీ అమ్మాయికి టైప్ చేస్తాను. నిన్న అమ్మ ఆ ఫోటో చూసి, "ఎంత ఎదిగిపోయింది!" అంది. ఆ గొంతును నేను టైప్ చేయలేకపోయాను.