ఇరవై అంకణాల హోటలు

మా బావమరిది చేతి పప్పుచారు ఒకసారి తిన్నవాళ్లు ఇంటికెళ్లి భార్య వంట మీద వ్యాఖ్యలు చేసి చిక్కుల్లో పడతారు. అంతటి వంటగాడు. నెల్లూరులో ఒక మెస్సులో పదేళ్లు గరిటె తిప్పి, ఇక సొంతంగా భోజన హోటలు పెట్టుకుంటానని తిరుపతిలో షాపు చూశాడు. చూసినవాడు చూసినట్టు పెట్టేసుకుంటే గొడవే లేదు. "బావా, నువ్వు లెక్కల మాస్టారివి కదా. ఎన్ని టేబుళ్లు పడతాయో, ఎంత జాగా కావాలో కాస్త లెక్క కట్టి పెట్టు" అన్నాడు.

ముప్పై ఏళ్లు బోర్డు మీద క్షేత్రఫలాలు కట్టి, రిటైరయ్యాక పాలవాడి లెక్క తప్ప వేరే లెక్క లేక మగ్గుతున్నవాణ్ని. ఆ సాయంత్రమే టేపు కొనుక్కొచ్చాను. 30 మీటర్లది. ఇంట్లో 5 మీటర్ల టేపు ఉందిగా అని మా ఆవిడ అంటే, అది కిటికీలకి, ఇది హోటలుకి అని చెప్పాను.

షాపు చూడ్డానికి ఇద్దరం వెళ్లాం. అప్పటికింకా అది ఒక టెంట్ హౌస్ వాళ్ల గోడౌను. షట్టరు సగమెత్తి, వంగి లోపలికి చూస్తే కుర్చీలు కప్పుదాకా, వాటి వెనక షామియానా మూటలు, వాటి వెనక డేగిశాలు, వాటి వెనక చీకటి.

"ఎంతుంటుందండీ లోపల?" అన్నాను.

"ఇరవై అంకణాలు ఉండాది స్వామీ. కావాలంటే కొల్చుకో" అన్నాడు షాపు ఓనరు.

నెల్లూరులో పుట్టి పెరిగిన నాకు అంకణం అంటే 72 చదరపు అడుగులు. ఇరవై డెబ్బై రెళ్లు 1,440. నోటితోనే వచ్చేసింది, బావమరిది నా వంక ఆరాధనగా చూశాడు. అలాంటి చూపు పడ్డాక ఇక సంచిలోంచి టేపు తీయబుద్ధి కాలేదు. కుర్చీల గుట్టలెక్కి దుమ్ములో కొలిచే వయసూ కాదు. పైగా ఆ చీకటి నాకు చాలా లోతుగా కనిపించింది.

అడ్వాన్సు ఇచ్చి నెల్లూరొచ్చేశాం.

ఇక లెక్క. హోటళ్ల వాళ్లకి ఒక మోటు కొలత ఉంది: మొత్తం జాగాలో నూటికి 60 వంతులు తినేవాళ్లకి, 40 వంతులు వంటకి, సామానుకి. కూర్చుని తినే చోట మనిషికి సుమారు 15 చదరపు అడుగులు. వినడానికి ఎక్కువే. అందులో కుర్చీ, టేబుల్లో నాలుగో వంతు, సర్వరు నడిచే దారిలో ఆ మనిషి వాటా అన్నీ ఉంటాయి. 1,440లో 60 వంతులంటే 864. దాన్ని 15తో భాగిస్తే 57. అంటే 14 టేబుళ్లు, 56 మంది, ఒకడు నిలబడాలి. ఆ ఒక్కడు గల్లా దగ్గర బావమరిది అనుకుంటే లెక్క నిశ్శేషం.

వంటింటికి 576 అడుగులు మిగిలాయని చెబితే బావమరిది కంగారుపడ్డాడు. "అంత ఎందుకు బావా? పొయ్యి దగ్గర్నుంచి గ్రైండరు దగ్గరికి సైకిలు మీద పోవాలి!"

"పెద్ద మనసు చేసుకోరా" అన్నాను.

కాగితం మీద లెక్క ఎవడైనా కడతాడు. నాకు కళ్లతో చూడాలనిపించింది. మా మేడ 30 అడుగులు, 24 అడుగులు. దాని మీద డైనింగు హాలు ముగ్గుపిండితో గీశాను. పొద్దున్నే గాలికి సగం హాలు లేచిపోయింది. ముగ్గుపిండి డబ్బా ఖాళీ చేసినందుకు మా ఆవిడ అన్న మాటలు వదిలేద్దాం. గేటుకి వేయగా మిగిలిన తెల్ల పెయింటు తెచ్చి మళ్లీ గీశాను. హాలు 864 అడుగులు, మేడ 720. చివరి రెండు టేబుళ్లు పిట్టగోడ దాటి, పక్కింటి జామచెట్టు మీదికి వెళ్లాయి.

మా ఆవిడ కొంగు నడుముకి దోపి ఆ గీతలన్నీ చూసింది. "ఏవండీ, మొత్తం హోటలంతా కలిపి ఈ మేడంత ఉంటే చాలదూ?" అంది.

నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ ఆవిడకి గుర్తుంది.

ఆదివారం రిహార్సల్ పెట్టాం. ఇంట్లో టేబులు ఒకటి, పక్కింటిది ఒకటి పైకి మోయించి, నిజం విస్తళ్లు వేసి, బావమరిది చేత సాంబారు కాయించి, బంధువుల్ని కూర్చోబెట్టాను. రెండు టేబుళ్ల మధ్య మూడడుగులు వదిలాను, బస్సు నడవ కన్నా వెడల్పే. మా ఆవిడ సాంబారు బకెట్టుతో బయల్దేరి రెండు టేబుళ్ల మధ్య ఇరుక్కుంది. ముందుకి పోదు, వెనక్కి రాదు. కూర్చున్న మనిషికి టేబులు అంచు నుంచి వీపుదాకా అడుగున్నర పడుతుంది. వెనక టేబులు వాడికీ అడుగున్నర. మూడులోంచి మూడు పోతే రెండు వీపుల మధ్య మిగిలేది సున్నా. ఆ సున్నాలో మా ఆవిడ, చేతిలో కాలే సాంబారు.

"నువ్వు స్కూల్లో పిల్లలకి చెప్పింది ఇదేనా మామయ్యా?" అన్నాడు వెనక టేబులు నుంచి మా మేనల్లుడు. ఊపిరి బిగబట్టి ఉన్నాడు పాపం, అత్తకి దారి ఇవ్వడానికి.

రెండో గండం విస్తరి. మా టేబుళ్లు రెండడుగుల వెడల్పువి, అంటే 24 అంగుళాలు. అరిటాకు ఒక్కొక్కటి 14 అంగుళాల లోతు పరుచుకుంది. ఎదురెదురు ఆకులు రెండూ కలిపి 28. మధ్యలో నాలుగంగుళాలు ఒకదాని మీదొకటి ఎక్కాయి. ఆ నాలుగంగుళాల్లో పడిన గోంగూర ఎవరిదనే విషయం మీద మా పెదనాన్న కొడుక్కీ బావమరిదికీ మాట పట్టింపు వచ్చింది. రసం వడ్డించేసరికి అది సరిహద్దు దాటి అవతలివాళ్ల పెరుగన్నంలోకి వెళ్లింది. టేబులు రెండున్నర అడుగులు ఉండాలని అప్పుడు తెలిసింది. తెలిసినవన్నీ నోటుబుక్కులో రాసుకుని, కొత్త కొలతలతో 14 టేబుళ్లకీ 56 కుర్చీలకీ ఆర్డరిచ్చాను. మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా, బంతికి అరగంట చొప్పున ఆరు బంతులు, 336 భోజనాలు అని అట్ట మీదే రాశాను.

సామాను రెండు వ్యానుల్లో ఎక్కించి, దాదాపు 130 కిలోమీటర్లు ప్రయాణం చేసి, తిరుపతిలో దిగాం. టెంట్ హౌస్ వాళ్లు ఖాళీ చేసి తుడిచి పెట్టారు. షట్టరు పూర్తిగా లేచింది. వెలుతురు లోపలికి పోయి వెంటనే గోడకి కొట్టుకుంది.

ఇద్దరం కాసేపు మాట్లాడలేదు.

"బావా, ఆ గోడకి అవతల కూడా మనదేనా?" అన్నాడు బావమరిది. వెళ్లి గోడ మీద తట్టాడు. అవతల నుంచి ఎవరో తిరిగి తట్టారు.

అప్పుడు తీశాను టేపు. 30 అడుగులు, 24 అడుగులు. ఈ అంకెలు ఎక్కడో విన్నట్టుందే అనిపించింది కానీ, ఆ టెన్షన్లో ఎక్కడో గుర్తు రాలేదు.

ఓనరు తాపీగా వచ్చాడు. "ఇరవై అంకణాలే కదా స్వామీ? ఆరడుగులు ఆరడుగులు ఒక అంకణం. ముప్పై ఆరు. ఇరవైతో లెక్కేసుకో, నేను చదూకోలేదు."

ఆయన అంకణం 36. నా అంకణం 72. పేరొకటే, కొలత మాత్రం ఊరు దాటితే సగమైపోయింది. ముప్పై ఏళ్లు పిల్లల జవాబు పత్రాల్లో 'ప్రమాణం రాయలేదు' అని అర మార్కు కోసినవాణ్ని. ఆ అర మార్కులన్నీ ఆ రోజు వడ్డీతో వసూలయ్యాయి.

బావమరిది నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. ఫోన్ తీసి పక్కకెళ్లి "అక్కా..." అని మొదలుపెట్టాడు. అవతల నుంచి నవ్వు నాదాకా వినిపించింది. 30, 24 ఎక్కడ విన్నానో అప్పుడు గుర్తొచ్చింది.

ఇక సగం లెక్క. 720లో తినేవాళ్లకి 432, అంటే 28 మంది, ఏడు టేబుళ్లు. గల్లా పెట్టుకునే చోటు నా బొమ్మలో లేదు. చేతులు కడుక్కునే కుళాయీ లేదు, ఎందుకంటే మేడ మీద వాటర్ ట్యాంకు ఉందిగా! ఆ రెండూ కలిసి ఒక టేబుల్ని మింగేశాయి. మిగిలినవి ఆరు. వంటింటికి 288 అడుగులొచ్చాయి. సైకిలు తొక్కుతానన్నవాడు 19 కిలోల సిలిండర్లకీ గ్రైండరుకీ మధ్య పక్కకి తిరిగి నడుస్తున్నాడు.

మొదటి రోజు మొదటి బేరం ఒక టెంపో ట్రావెలరు. దర్శనం చేసుకుని కొండ దిగిన 14 మంది, అందరివీ నున్నటి గుండ్లు, ఒక్కొక్కరికీ ఒక సూట్‌కేసు, చేతిలో లడ్డూ సంచి. మనిషికి 15 అడుగులన్న కొలతలో సూట్‌కేసుకి ఎన్ని అడుగులో ఎవరూ చెప్పరు. యాత్రికులొచ్చే ఊళ్లో సామాను కూడా ఒక బంతే. సూట్‌కేసులు దారిలో పేర్చితే సర్వరు ఆగిపోయాడు. బయట పెడదామంటే వాళ్లు ఒప్పుకోలేదు. లడ్డూ సంచులైతే కింద పెట్టనే పెట్టరు, ప్రసాదం. ఒళ్లో లడ్డూలు, కాళ్ల మధ్య సూట్‌కేసులు, విస్తట్లో మా పప్పుచారు. అరగంటకి లేవాల్సినవాళ్లు, రెండు రోజుల నిద్ర లేదంటూ ఫ్యాను కింద ముప్పావుగంట కూర్చున్నారు. నా ఆరు బంతులు ఆ మధ్యాహ్నమే నాలుగయ్యాయి. 336 భోజనాలు 96కి దిగాయి. తిన్నవాళ్లు మాత్రం మారు వడ్డించమని అడిగారు, చారు గొప్ప.

మిగిలిన ఎనిమిది టేబుళ్లు వెనక్కి నెల్లూరొచ్చాయి. దింపడానికి చోటు లేక మేడ మీదికి ఎక్కించాం. నేను గీసిన గీతల్లో అంగుళం తేడా లేకుండా కూర్చున్నాయి. మా ఆవిడ మర్నాడే వాటి మీద పాత చీరలు పరిచి మినప వడియాలు పెట్టింది. అన్నీ అయ్యాక చేతులు తుడుచుకుంటుంటే, ఒక్కో టేబులుకి ఎన్ని వడియాలు పడతాయో లెక్క కట్టి పెట్టమంటావా అని అడిగాను.

ఆవిడ పలక్కుండా కిందికి దిగిపోయింది.