కారు కొనే ముందు మీ వీధి కొలుచుకోండి

2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. ఏ మోడల్ మీద ఎంత మిగిలిందన్న లెక్కలు చెవులు చిల్లులు పడేలా విన్నాం. మిగిలిన ఆ డబ్బు మన ఊళ్లలో ఎటు పోయిందని మాత్రం ఎవరూ అడగలేదు. నా చుట్టుపక్కల చూసింది చెబుతాను. హ్యాచ్‌బ్యాక్, అంటే విడిగా డిక్కీ పెట్టె లేని చిన్న కారు, కొనాలని బయల్దేరిన మనిషి తగ్గిన ధర చూసి సంబరపడ్డాడు. దానికి ఇంకో లక్షన్నర అప్పు జోడించి, ఏడేళ్ల ఈఎంఐకి సంతకం పెట్టి, కాంపాక్ట్ ఎస్‌యూవీతో ఇంటికొచ్చాడు. పన్ను తగ్గింది, అప్పు పెరిగింది, కారు వెడల్పయింది. వీధి మాత్రం ఎప్పటిదే.

నా మాట ముందే చెప్పేస్తాను. శ్రీకాకుళంలో కాపురం ఉంటూ, వారంలో ఆరు రోజులు ఉద్యోగానికీ, ఆదివారం అరసవల్లికో కళింగపట్నానికో వెళ్లొచ్చే కుటుంబానికి 1.7 మీటర్లకు మించి వెడల్పున్న కారు అక్కర్లేదు. అక్కర్లేదనడం కూడా మర్యాద కోసమే, నా లెక్కలో అది శుద్ధ దండగ. షోరూముకి వెళ్తే మైలేజీ అడుగుతాం, డౌన్ పేమెంటు అడుగుతాం, ఈ మధ్య సన్‌రూఫ్ ఉందా అని కూడా అడుగుతున్నాం. వెడల్పెంత అని అడిగిన మనిషిని నేనింతవరకు చూడలేదు.

అంకెలు చూద్దాం. మారుతి ఆల్టో కె10 వెడల్పు 1,490 మిల్లీమీటర్లు. అదే కంపెనీ వ్యాగన్ ఆర్ 1,620, టాటా టియాగో 1,677. ఇక్కడిదాకా పర్లేదు. టాటాదే ఎస్‌యూవీ పంచ్ దగ్గరికొచ్చేసరికి 1,742 అయింది, ఇంకో ఎస్‌యూవీ నెక్సాన్‌కి 1,804. సైడు అద్దాలు దీనికి అదనం. ఆల్టోకీ నెక్సాన్‌కీ మధ్య తేడా అడుగు పైచిలుకు. అడుగేగా అనిపిస్తే, ఒకసారి ఊళ్లోకి రండి.

ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కింద పల్లెలకు వేసే రోడ్డు మామూలుగా 3.75 మీటర్లు ఉంటుంది. బళ్లు తక్కువ తిరిగే చోట 3 మీటర్లకే సరిపెట్టొచ్చని నిబంధనలే చెబుతాయి. ఊరి లోపలి సీసీ రోడ్లు చాలాచోట్ల అంతకంటే వెడల్పేమీ ఉండవు. మూడు మీటర్ల రోడ్డు మీద మీరు వెళ్తుంటే ఎదురుగా ఆటో వచ్చింది. ఆటో వెడల్పు సుమారు 1.3 మీటర్లు. మీది వ్యాగన్ ఆర్ అయితే రెండూ కలిపి 2.92. అద్దాలు మడిచి, డ్రైవర్లిద్దరూ తలలు బయటపెట్టి, "రా రా, ఇంకొంచెం" అనుకుంటూ ఎలాగో దాటేస్తారు. నెక్సాన్ అయితే 3.1. ఇక ఎవరో ఒకరి చక్రం రోడ్డు దిగాల్సిందే. సీసీ రోడ్డు వేసిన కాంట్రాక్టరు అంచు పక్కన మట్టి పోయడు, పోసినా మొదటి వానకే కొట్టుకుపోతుంది. సిమెంటు అంచుకీ నేలకీ మధ్య జానెడు దిగుడు ఉంటుంది. అందులోకి ఎడమ చక్రాలు దిగితే కారు ఒక పక్కకు ఒరుగుతుంది, వెనక సీట్లో అమ్మమ్మ తలుపు మీద పడుతుంది, ఆటోవాడు నవ్వుకుంటూ వెళ్లిపోతాడు. గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేలకీ కారు అడుగు భాగానికీ మధ్య ఎత్తు, ఎక్కువుంది కాబట్టి కింద తగలదని ఎస్‌యూవీ ఓనర్లు గొప్పగా చెబుతారు. నిజమే. అసలు దిగే పనే లేకుండా పోయే కారు ఉండగా, దిగినా తగలని కారు కోసం మూడు లక్షలు ఎక్కువ పెట్టడం ఏం తెలివి?

కోతలయ్యాక ఈ లెక్క ఇంకా బిగుసుకుంటుంది. రోడ్డులో సగం ధాన్యం ఆరబోతదే, అంచున వరసగా రాళ్లు. ఆ వడ్ల మీద టైరు ఎక్కిస్తే రైతు ఊరుకోడు, ఊరుకోకూడదు కూడా. మన పల్లెల్లో ఇళ్లు ఎదురెదురుగా వరసలు తీరి, గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. మధ్యలో మిగిలిందే వీధి. ఆ వీధికి అటూ ఇటూ అరుగులు, కుళాయి, కట్టేసిన దూడ, నిలబెట్టిన బైకు. పండక్కి అత్తారింటికి పెద్ద కారులో వెళ్లిన అల్లుడు రామాలయం దగ్గరే బండి ఆపేసి, పట్టుబట్టలతో, స్వీటు డబ్బాలతో నడిచి రావడం నేను చాలాసార్లు చూశాను. గుమ్మం దాకా వెళ్లలేని కారుకి గుమ్మం ముందు గొప్పేమిటో నాకర్థం కాదు.

పట్నంలో పరిస్థితి మీకు తెలిసిందే. డే అండ్ నైట్ జంక్షన్ నుంచి ఏడురోడ్ల జంక్షన్ దాకా సాయంత్రం ఆరింటికి కారు తోలినవాళ్లకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. అక్కడ ఇంజిన్ బలం ఎవరికీ పనికిరాదు. స్టీరింగు ఎంత తిరుగుతుంది, ఎంత సందులో దూరుతుంది, అంతే. వ్యాగన్ ఆర్ టర్నింగ్ రేడియస్, అంటే పూర్తిగా తిరగడానికి కావాల్సిన వలయంలో సగం వెడల్పు, 4.7 మీటర్లు. మార్కెట్ దగ్గర తప్పు సందులోకి వెళ్లినా వెనక్కి తిప్పుకుని రావచ్చు.

రోజువారీ ప్రయాణం ఎవరిది? ఒక్కో మండలంలో ఒక్కో బడికి వెళ్లే టీచరు దంపతులది, సచివాలయం ఉద్యోగులది, పైడిభీమవరం ఫార్మా కంపెనీల్లో షిఫ్టులు చేసేవాళ్లది. వీళ్ల కార్లో ఎక్కువ రోజులు ఉండేది ఒక్కరో ఇద్దరో. పెట్రోలు లీటరు వంద దాటి చాలాకాలమైంది. లైఫ్ ట్యాక్స్ కారు ధర మీద శాతం, బీమా కూడా చాలావరకు ధరను బట్టే. పెద్ద కారు కొంటే ఖర్చు అన్నివైపులా పెరుగుతుంది. దీని మీద ఇంతకంటే చెప్పాల్సిన పనిలేదు.

ఒక్కటి మాత్రం చెప్పాలి. ఇంట్లో భార్యో కూతురో కూడా తోలగలిగితేనే అది ఫ్యామిలీ కారు. డ్రైవింగ్ స్కూల్లో చిన్న కారు మీద నేర్చుకున్న మనిషి, ఇంటికొచ్చాక బానెట్ చివర కనబడని బండి చూసి టెన్షన్ పడి తాళాలు మళ్లీ మేకుకి తగిలించేస్తోంది. అప్పుడది నాన్న కారు అవుతుంది, మిగిలినవాళ్లు ప్రయాణికులు. చిన్న కారుకి క్లచ్ తొక్కకుండా దానంతటదే మారే ఏఎమ్‌టీ గేరు కలిపితే ఈ సమస్య సగం తీరుతుంది. ఆ కొంచెం ఎక్కువ ధర పెట్టదగ్గదే.

ఇక ఆదివారం ప్రయాణాలు. మనకి దగ్గర్లో ఉన్నన్ని చోట్లు పెద్ద నగరాలకు కూడా లేవు. శ్రీకూర్మం, శాలిహుండం, కళింగపట్నం తీరం, కాస్త దూరంగా శ్రీముఖలింగం, ఇంకా పైకి వెళ్తే తేలినీలాపురం పక్షులు, బారువ. అన్నీ పొద్దున్న బయల్దేరి చీకటి పడేలోపు ఇల్లు చేరేవే. వీటికి కావాల్సింది రెండే. మొదటిది సీటు ఎత్తు. గుడికి వెళ్లాలని ఇంట్లో అందరికంటే ఎక్కువ ఆశపడేది మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడే. సీటు మరీ కిందికుంటే దిగడానికి చెయ్యి పట్టి లాగాలి, మరీ పైనుంటే ఎక్కడానికి పీట వెయ్యాలి. నిలబడిన మనిషి నడుముకి కొంచెం కిందుగా సీటు ఉంటే, వెనక్కి తిరిగి కూర్చుని కాళ్లు లోపల పెట్టుకుంటుంది. పొడుగ్గా నిలబడే హ్యాచ్‌బ్యాక్‌లు గెలిచేది ఇక్కడే. వ్యాగన్ ఆర్ ఎత్తు 1,675 మిల్లీమీటర్లు.

రెండోది డిక్కీ. వెళ్లేటప్పుడు పులిహోర డబ్బా, నీళ్ల క్యాను, చాప ఉంటాయి. వచ్చేటప్పుడు ఉద్దానం వైపు నుంచి వస్తే డజను కొబ్బరికాయలు, ఒక పనసకాయ, పలాస జీడిపప్పు తప్పవు. వ్యాగన్ ఆర్ డిక్కీ 341 లీటర్లు, అంతకంటే పొడవైన స్విఫ్ట్‌ది 265. బయటి కొలత చూసి లోపలి చోటు ఊహించుకోకూడదని చెప్పడానికి ఇది చాలు. సీఎన్‌జీ కావాలనుకునేవాళ్లు సిలిండరు డిక్కీని మింగేస్తుందని గుర్తుపెట్టుకోండి. టియాగోలో రెండు చిన్న సిలిండర్లు డిక్కీ అడుగున సర్దారు కాబట్టి కొంత నయం. మీరు రోజూ వెళ్లే దారిలో గ్యాస్ బంకు ఉందో లేదో కూడా ముందే చూసుకోండి.

అరకు సంగతేమిటంటారు. శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు ఐదుగురితో, ఏసీతో ఒక లీటరు ఇంజిన్ ఆయాసపడుతుంది, కాదనను. అందుకే 1.2 లీటర్ల పెట్రోలు ఇంజిన్ ఉన్న కారు తీసుకోండి. మలుపుల్లో రెండో గేరుకి దిగండి, ఏఎమ్‌టీ అయితే మాన్యువల్‌లో పెట్టండి. ఏడాదికి ఒకటో రెండో సార్లు ఎక్కే కొండ కోసం మిగిలిన రోజులన్నీ పెద్ద బండి మోయక్కర్లేదు. ఇంటిల్లిపాదీ ఏడెనిమిది మంది వెళ్లాలంటే ఆ రోజుకి అద్దెకు మాట్లాడుకుంటే ఎవరి పరువూ పోదు.

చిన్న కారంటే ప్రాణాలకు భద్రత ఉండదనేది అవతలివాళ్ల అసలు వాదన. తేలిగ్గా కొట్టిపారేసే మాట కాదు. 2023లో, కార్లను గుద్ది చూసి భద్రతకు స్టార్లిచ్చే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ పరీక్షలో వ్యాగన్ ఆర్‌కి పెద్దల భద్రతలో ఒక్క స్టారు, పిల్లల భద్రతలో సున్నా వచ్చాయి. ఆ పరీక్ష రెండు ఎయిర్‌బ్యాగుల కారుకి జరిగింది. 2025 నుంచి అన్ని రకాల్లోనూ ఆరు ఎయిర్‌బ్యాగులు ఇస్తున్నా, పరీక్షలో కారు బాడీ నిలకడ మీద వచ్చిన మచ్చ దాంతో పోదు. అయితే ఇది చిన్న కార్ల జాతకం కాదు, ఆ మోడల్ జాతకం. టియాగోకి 2020లోనే, అప్పటి పరీక్ష నిబంధనల ప్రకారం, పెద్దల భద్రతలో నాలుగు స్టార్లు వచ్చాయి. కాబట్టి రోజూ 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కి లారీల మధ్య వంద కిలోమీటర్లు పోయేవాళ్లు టియాగో వైపు చూడండి. పట్నం, పల్లె, గుడి మధ్యే తిరుగుతూ, పెద్దవాళ్లున్న ఇంటికి వ్యాగన్ ఆర్ 1.2 అంటాను. ఇంకోమాట. స్టార్ల గురించి గంటసేపు వాదించే మనిషే పిల్లాణ్ని ముందు సీట్లో ఒళ్లో కూర్చోబెట్టుకుని శ్రీకూర్మం వెళ్తాడు. 14 ఏళ్లలోపు పిల్లలకు బెల్టో చైల్డ్ సీటో లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా అని 2019 సవరణలోనే ఉంది. ఒళ్లో పిల్లాడికి ఏ ఐదు స్టార్ల కారూ అడ్డుపడదు.

అన్నీ తెలిసి కూడా జనం పెద్దదే ఎందుకు కొంటున్నారు? "ఏటి బావా, ఇంత ఉద్యోగం చేసి ఇదా కొన్నావు?" అన్న ఒక్క మాట భయం కొంత. అంతకంటే పెద్ద కారణం పన్నులో ఉంది.

2006 బడ్జెట్‌లో అప్పటి కేంద్ర ఆర్థిక మంత్రి చిదంబరం చిన్న కార్లకు ఎక్సైజు సుంకం 24 నుంచి 16 శాతానికి తగ్గించారు. నాలుగు మీటర్లలోపు పొడవు, ఇంజిన్ పెట్రోలైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ దాటకూడదన్నారు. ఇప్పటి జీఎస్టీలోనూ దాదాపు అదే గీత. అందులో వెడల్పు ఊసే లేదు. కంపెనీలు ఏం చేస్తాయి? పొడవుని 3,995 మిల్లీమీటర్ల దగ్గర కోసేసి, పక్కలకీ పైకీ పెంచాయి. 1,199 సీసీ పెట్రోలు నెక్సాన్‌కీ, 998 సీసీ ఆల్టోకీ ఒకే 18 శాతం. వీధిని అడుగు ఎక్కువ ఆక్రమించే బండికీ, ఒదిగి నిలబడే బండికీ సర్కారు దగ్గర ఒకే మర్యాద. చిన్న కారు పేరుతో ఇచ్చిన రాయితీని వెడల్పు కారు పట్టుకుపోయింది.

జపాన్‌లో ఈ తప్పు చెయ్యలేదు. అక్కడి కెయ్ కార్లకు ఇంజిన్ 660 సీసీ, పొడవు 3.4 మీటర్లు, వెడల్పు 1.48 మీటర్లు దాటకూడదు. మూడింటికీ గీత గీశాకే పన్ను తగ్గించారు. 1983లో మన రోడ్ల మీదికి వచ్చిన మారుతి 800 ఆ కెయ్ కార్ల కుటుంబం నుంచి వచ్చిందే. ముప్పై ఏళ్లపాటు ఈ దేశంలో డాక్టర్లు, ఎల్‌ఐసీ ఆఫీసర్లు, లెక్చరర్లు అందులోనే తిరిగారు. ఎవరి గౌరవమూ తగ్గినట్టు నేను వినలేదు.

జపాన్‌లో ఇంకో పద్ధతి 1962 నుంచీ ఉంది. కారు పెట్టుకోవడానికి సొంతంగా చోటుందని పోలీసుల దగ్గర కాగితం తెస్తేనే మామూలు కారు రిజిస్ట్రేషను. మన దగ్గర ఎవరూ అడగరు. అపార్ట్‌మెంట్ కడుతూ సెల్లారు చూపించి, తర్వాత అందులో షాపులు పెట్టుకున్నా అడగరు. కాలువ మీద పలకలు వేసి అదే నా పార్కింగ్ అన్నా అడగరు. కాలువ పూడిక తీయడానికొచ్చిన మున్సిపాలిటీ మనిషి మీ కారు తీసేదాకా నిలబడాలి. తీయకపోతే ఆ భాగం వదిలేసి వెళ్తాడు, వానాకాలంలో ఆ నీళ్లు పక్కింటి గుమ్మంలోకి వస్తాయి. కారు కొన్నది మీరు, చోటు ఇచ్చింది మాత్రం వీధంతా. నడిచివెళ్లే ముసలాయన, సైకిలు తొక్కే పిల్ల ఆ చోటు కోసం రోడ్డు మధ్యకు జరుగుతున్నారు. లైఫ్ ట్యాక్స్ వేసేటప్పుడు ధరతోపాటు కారు నేల మీద ఆక్రమించే విస్తీర్ణం కూడా లెక్కలోకి తీసుకోమని అడిగితే రాష్ట్ర ప్రభుత్వం నవ్వొచ్చు. కనీసం పార్కింగ్ కాగితం ఒక్కటి అడగడానికి కొత్త ఆఫీసులేమీ అక్కర్లేదు. ఇంటి పన్ను రికార్డు మున్సిపాలిటీ దగ్గర ఉంది, రిజిస్ట్రేషను రవాణా శాఖ దగ్గర ఉంది. శ్రీకాకుళంలో ఒక్క ఏడాది ఆ రెండూ కలిపి చూడమనండి. షోరూముల్లో ముందు వరసలోకి ఏ కార్లు వస్తాయో అప్పుడు మాట్లాడుకుందాం.