టీకా వేయించినా చచ్చిపోయినాయి అనేవాళ్లకు

"టీకా వేయించినా జీవాలు చచ్చిపోయినాయి, ఇంకెందుకు వేయించేది?" మా కళ్యాణదుర్గం పక్క ఈ మాట విన్నప్పుడల్లా నాకు కడుపు మండుతుంది. ఆ మందు మంద దాకా ఎట్లా వచ్చిందో ఎవరూ చెప్పరు.

నేను చెప్తా. రెండేళ్ల కిందట తొలకరికి ముందు, గొర్రెలను ఉన్నట్టుండి చంపేసే చిటుక రోగానికి టీకా వేయించినాం. వానలు పడి పచ్చిక లేసినాక పద్నాలుగు గొర్రెపిల్లలు పోయినాయి. అన్నీ బాగా మేసి బలిసినవే. పొద్దున గంతులేసిన పిల్ల, మధ్యాహ్నానికి మెడ వెనక్కి వాల్చి కాళ్లు కొట్టుకుంటూ పడిపోయింది. మా చిన్నాయన మందునే తిట్టినాడు. సీసాలు తెచ్చింది నేను. మే నెల మిట్టమధ్యాహ్నం, ప్లాస్టిక్ కవర్లో, బైకుకు తగిలించుకుని గంటన్నర. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాల్సిన మందు అది! పిల్లలకు రెండు మూడు వారాలకు మళ్లీ వేయాల్సిన రెండో డోసు కూడా వేయించలేదు. తప్పు మందుదెట్లా అవుతుంది?

ఐసు డబ్బా కొనడానికి లెక్క చూసుకునే మనం, పిల్లలు పోతే ఎంత పోయిందో లెక్క వేయం. గాలికుంటు మందు గడ్డ కడితే ఇంక పనికిరాదు, డీప్ ఫ్రీజర్లో పెట్టొద్దు. పీపీఆర్ (గొర్రెలకు, మేకలకు వచ్చే పారుడు రోగం) టీకా పొడి కలిపినాక ఐసు మీదే ఉంచి, గంటా రెండు గంటల్లో వేసేయాల. సిరంజిని స్పిరిటుతో కడిగితే ఈ టీకాలో పనిచేసే బతికున్న వైరస్ చచ్చిపోయి, టీకా పనికిరాకుండా పోతుంది. నీళ్లలో మరగబెట్టి, చల్లార్చి వాడండి.

కడుపులో పురుగులకు తాపే నట్టల మందు సంగతి ఇంకా ఘోరం. పది కేజీల పిల్లకూ, ముప్పై అయిదు కేజీల పొట్టేలుకూ ఒకటే మూత తాపుతారు. చాలని డోసుకు చావకుండా మిగిలేవి మొండి నట్టలు. తర్వాత మంద నిండా వాటి సంతానమే. తూచి తాపండయ్యా, తాడు కట్టి తూకానికి వేలాడదీస్తే అయిపోతుంది.

మనుషులకు నొప్పులకు వేసే డైక్లోఫెనాక్ సూది తెచ్చి ఆవుకు పొడిచేవాళ్లను కూడా చూసినా. పశువులకు దాన్ని 2006లోనే నిషేధించినారు. ఆ మందు పడిన కళేబరం తిని, మూత్రపిండాలు చెడి రాబందులు చచ్చిపోయినాయి.

పాల సంగతి మాత్రం నేను ఓర్చుకోలేను. పొదుగువాపుకు యాంటీబయాటిక్ వేసి, ఆ సాయంత్రమే పాలు కేంద్రంలో పోస్తారు. సీసా మీద ఎన్నాళ్లు ఆగాలో రాసుంటుంది. రాయకపోతే పాలకు కనీసం 7 రోజులు, మాంసానికి 28 రోజులు ఆగాలని నిబంధన. మా ఆవుకు సూది వేసినప్పుడు సీసా మీద ఏమీ లేదు. మా అమ్మ ఏడు రోజులు పూటపూటా పిండి, చింతచెట్టు కింద పారబోసింది. ఆమె కళ్లల్లో నీళ్లు చూసినా. ఎనిమిదో నాడు గానీ క్యాను బైకుకు కట్టలేదు.